సంచిలో లేని బరువు

రెండు మూడు రోజుల విహారయాత్రకు ఒక్క చేతిసంచి చాలునన్న సలహా ఇటీవలి కాలంలో నీతిసూత్రం వంటి గౌరవాన్ని పొందింది. హైదరాబాదు నుండి ఎడారి నగరమైన జైసల్మేరుకు పోయే యాత్రికుని ఉదాహరణగా తీసుకోవచ్చు. రెండు జతల నూలు దుస్తులు, పగటి ఎండకు ఒక టోపీ, ఇసుక తిన్నెల మీద రాత్రి చలికి ఒక శాలువా, నిత్యం వాడే మందులు, కళ్ళజోడు, ఫోనుకు చార్జరు, గుర్తింపు పత్రం. ఇవన్నీ సర్దిన తరువాత కూడా ఒక పుస్తకానికి చోటు మిగులుతుంది. దేశీయ విమానాల సాధారణ తరగతిలో చేతిసంచికి మామూలుగా అనుమతించే బరువు 7 కిలోలు. విదేశయాత్ర అయితే మరొక నియమం తోడవుతుంది. 2006లో లండను నుండి బయలుదేరే విమానాలను పేల్చే కుట్ర బయటపడిన తరువాత, చేతిసంచిలోని ద్రవపదార్థాలకు సీసాకు 100 మిల్లీలీటర్ల హద్దు ఏర్పడింది. నేటికీ చాలా విమానాశ్రయాలు దానిని పాటిస్తున్నాయి. రుసుముకు భయపడో, తనిఖీకి జంకో మొదలైన పొదుపు క్రమంగా అలవాటైంది, అలవాటు గర్వమైంది. ఒక సంచితో వచ్చినవాడు నాలుగు పెట్టెలతో వచ్చినవానివంక కొంత జాలితో చూడడం విమానాశ్రయాలలో అరుదైన దృశ్యం కాదు.

ఆ గర్వానికి కొంత ఆధారం ఉన్నదనే చెప్పాలి. పెట్టెల కుటుంబం కన్నా ఒంటిసంచి మనిషి కూలీ భుజానికీ, తోటి ప్రయాణికుల సహనానికీ తక్కువ పరీక్ష పెడతాడు. కొన్న ప్రతి వస్తువూ వెంట రావాలన్న తాపత్రయాన్ని ఆ మేరకు జయించినవాడు కూడా. తక్కువతో జీవించడానికి భారతీయ చింతన అపరిగ్రహమని పేరు పెట్టి, దానిని వ్రతాల కోవలో చేర్చింది. అయితే తక్కువ మోయడమూ తక్కువ కలిగి ఉండడమూ ఒకటేనా? ఒకడు మోయకుండా వదిలిన బరువు నిజంగా లేకుండా పోతుందా, లేక మరొకరి తలకెక్కుతుందా? ఈ ప్రశ్నలను విమానాశ్రయంలో కన్నా కొంటా బస్సుల దగ్గర అడగడం మేలు.

కొంటా ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొసన శబరి ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. ఒకప్పటి విశాలమైన బస్తరు జిల్లాలో భాగం. 1998 నుండి దంతెవాడ జిల్లాలో, 2012 నుండి సుకుమా జిల్లాలో ఉన్నది. జగదల్‌పూరు నుండి సుకుమా, దోర్నపాల్ మీదుగా దిగివచ్చే 30వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరు దాటి చింతూరు, భద్రాచలం వైపు సాగిపోతుంది. శబరికి ఆవలి ఒడ్డు ఒడిశా. కొద్ది దూరంలో ఆంధ్రప్రదేశ్, దాని వెనుక తెలంగాణ. సంతలో దోర్లా మాట, గోండి, హల్బీ, హిందీ, తెలుగు ఒకదానినొకటి ఒరుసుకొంటూ వినబడతాయి. జిల్లాల పేర్లు, రాష్ట్రాల పేర్లు మారినా ఈ దారి వెంట మనుషుల నడక మారలేదు.

సంక్రాంతి దాటి గోదావరి తీరపు చేలలో మిరప పండు బారేవేళకు ఆ నడక చిక్కబడుతుంది. సుకుమా, బీజాపూరు ప్రాంతాల ఊళ్ళ నుండి దోర్లా, మురియా కుటుంబాలు మిరపకాయలు ఏరడానికి చర్ల, వెంకటాపురం, భద్రాచలం వైపు బయలుదేరతాయి. వారి వెంట ఉండేదీ ఒక్క మూటే. సాధారణంగా అది ఎరువుల బస్తాను ఉతికి, మూతికి తాడు కట్టిన సంచి. దానిలో ఏమున్నదో పరిశీలిస్తే జైసల్మేరు యాత్రికుని పట్టికకు పూర్తిగా తిరగబడిన పట్టిక కనిపిస్తుంది. అన్నం వండే అల్యూమినియం గిన్నె, గరిటె, కొన్నాళ్ళకు సరిపడే బియ్యం, ఉప్పు, దుప్పటి, గుడిసెపై కప్పడానికి ప్లాస్టిక్ పట్టా, నీళ్ళకు డబ్బా. పాతవారి చేతిలో ఇంకా సొరబుర్ర కనిపించవచ్చు. బట్టలు మూటలో అన్నిటికన్నా తక్కువ చోటు తీసుకొంటాయి. విహారయాత్రికుని సంచిలో ప్రధానమైనది ఇక్కడ అప్రధానం. అతని సంచిలో అసలే లేనివి ఇక్కడ సమస్తం. గిన్నె లేదు, బియ్యం లేదు, నీరు లేదు, పైకప్పు లేదు అని విహారయాత్రికుడెన్నడూ చింతించడు, ఎందుకంటే అవన్నీ అతనికన్నా ముందే అక్కడికి చేరి అతని కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. మిరపచేను గట్టున కూలివాని కోసం ఎదురుచూసేది చేను మాత్రమే. అందువల్ల అతడు ఇంటినే విప్పి మూటగట్టి తలకెత్తుకొంటాడు. బరువు తూచితే రెండు మూటల మధ్య తేడా కొద్ది కిలోలే కావచ్చు. ఒకటి ఇల్లు విడిచి విహరించడానికి కట్టినది, మరొకటి ఇల్లు వెంట తీసుకుపోవడానికి కట్టినది.

ఎడారిలో ఈ విషయం మరింత స్పష్టం. సంప్రదాయం ప్రకారం 1156లో స్థాపితమైన జైసల్మేరు వర్తకుల బిడారుల దారిలో పెరిగిన నగరం. ఏడాదికి సగటు వర్షపాతం 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే ఉండే ఆ నేలలో బిడారులు సర్దుకొన్న మొదటి సామాను నీరు. సరకుకన్నా ముందు తోలు తిత్తుల లెక్క తేలాలి. ఒంటె ఎంత నీరు మోయగలదన్నదే ఎంత దూరం పోవచ్చన్నదానికి కొలత. కనుక అప్పటి ఎడారి ప్రయాణానికి తేలిక సంచి అనే ఊహే మరణంతో సమానం. నేటి యాత్రికుడు జేబులో దుకాణంలో కొన్న సీసాతో దిగగలుగుతున్నాడంటే, కారణం అతని వైరాగ్యం కాదు. నగరంలో పద్నాలుగో శతాబ్దపు గడీసర్ తటాకం ఉన్నది. అది చాలని కాలంలో పంజాబులోని హరికే ఆనకట్ట నుండి సట్లెజ్, బియాస్ నదుల నీరు తెచ్చే కాలువ వచ్చింది. 1958లో పని మొదలైన ఆ కాలువ, నేడు ఇందిరాగాంధీ కాలువగా ప్రసిద్ధమైనది, 649 కిలోమీటర్ల పొడవున ఎడారిలోకి నీటిని మోసుకొని వస్తున్నది. ఇసుకలో అన్ని కిలోమీటర్లు త్రవ్విన చేతుల బరువు 7 కిలోల సంచిలో తూగదు. దుప్పట్లు ఉతికేవారు, గుడారాలు బిగించేవారు, వేకువనే వేడినీళ్ళు మోసేవారు కూడా తూగరు.

ఇందుకు యాత్రికుని తప్పు పట్టడం అన్యాయమన్న ఆక్షేపణ రావచ్చు, అది సబబే. అతని డబ్బుతో ఆ ఊళ్ళో కొన్ని పొయ్యిలు వెలుగుతున్నాయి. అతడు గిన్నె, బియ్యం మోసుకొనిపోయినంత మాత్రాన మిరపకూలికి ఒరిగేదీ లేదు. పేచీ అతని సంచితో కాదు, ఆ సంచిని చూసుకొని అతడు తనకు తాను ఇచ్చుకొనే యోగ్యతాపత్రంతో. ఏర్పాటు పుష్కలంగా ఉన్నచోట కలిగే సౌకర్యాన్ని నిగ్రహంగా పొరబడడం చిన్న పొరపాటు కాదు. ఆ పొరపాటు చేసినవాడే మరొకనాడు మిరపకూలి మూటను చూసి, వీరికి అవసరాలు తక్కువ, కొద్దితో తృప్తిపడతారు అని మెచ్చుకొంటాడు. ఆ మెప్పు మీద ఆధారపడి విధానాలు కూడా తయారవుతాయి.

అపరిగ్రహం అన్న మాటను శాస్త్రం ఎంత జాగ్రత్తగా వాడిందో ఇక్కడ గుర్తు చేసుకోదగినది. పతంజలి యోగసూత్రాలలో ఐదు యమాలలో అది చివరిది. దానికి వ్యాసభాష్యం ఇచ్చిన వివరణలో వస్తువులను స్వీకరించకపోవడానికి ఐదు కారణాలు కనిపిస్తాయి: ఆర్జించడంలోని క్లేశం, రక్షించుకోవడంలోని ఆందోళన, పోయినప్పటి దుఃఖం, మమకారం, చివరిది హింస. ప్రయాణ సలహాదారులు మొదటి నాలుగింటినీ తెలిసో తెలియకో చక్కగానే బోధిస్తారు. కొనవద్దు, పెట్టెల కోసం కాపలా కాయవద్దు, విమానసంస్థ పోగొట్టే భయం వద్దు, వస్తువులపై వ్యామోహం వద్దు. ఐదవదాని ఊసు మాత్రం ఎక్కడా రాదు. ఒక వస్తువు తన చేతికి రావడంలో మరొక ప్రాణికి కలిగిన పీడ ఎంత అన్న ప్రశ్న సంచి పరిమాణంతో తేలేది కాదు. చిన్న సంచి వెనుక పెద్ద పీడ ఉండవచ్చు, పెద్ద మూట వెనుక ఏమీ ఉండకపోవచ్చు.

బౌద్ధసంఘం ఈ చిక్కును ఇంకా ఆచరణాత్మకంగా ఎదుర్కొంది. భిక్షువుకు అనుమతమైన వస్తువులు ఎనిమిది: మూడు చీవరాలు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, నీరు వడగట్టే గుడ్డ. అదనపు చీవరం దొరికితే పది రోజులకు మించి దగ్గర ఉంచుకోరాదు. ఈ పది అన్న అంకె ఎలా వచ్చిందో వినయపిటకం చెప్పే కథ ముచ్చటైనది. ఆనందునికి అదనంగా ఒక చీవరం దొరికింది. దానిని శారిపుత్రునికి ఇవ్వాలని అతని కోరిక. శారిపుత్రుడు సాకేతంలో ఉన్నాడు, తొమ్మిదో రోజునో పదో రోజునో వస్తాడు. విషయం తెలిసిన బుద్ధుడు పది రోజుల గడువు అనుమతించాడు. నియమానికి కొలత ఇక్కడ బరువు కాదు, ఒక స్నేహితుని రాకకు పట్టే కాలం. మిగులు వస్తువు ఇంకొకరి కోసమైతే కొంత ఆగవచ్చు, తన కోసమైతే ఆగరాదు. విమానసంస్థల త్రాసుకు ఇటువంటి వివేకం అలవడలేదు, ఆశించనూ రాదు.

అయినా భిక్షువుల తేలికదనాన్ని కూడా ఎవరో మోశారు. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల నాటి నాగార్జునకొండ శాసనాలలో బోధిసిరి అనే ఉపాసిక దానాల పట్టిక ఉన్నది. సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం, మరికొన్ని చోట్ల మండపాలు, ఒక తటాకం ఆమె కట్టించింది. ఎనిమిది వస్తువుల మనిషి నిద్రించడానికి రాతికప్పు, త్రాగడానికి చెరువు కావలసివచ్చాయి. విశేషమేమంటే సంఘం ఆ ఋణాన్ని దాచలేదు. దాత పేరు, ఆమె బంధువుల పేర్లు, ఇచ్చిన వస్తువు రాతి మీద చెక్కించి అందరూ చదివేచోట నిలిపింది. (ఆ లోయ నాగార్జునసాగరంలో మునిగినప్పుడు, రాళ్ళలో వేటిని కొండపైకి మోయాలి, వేటిని నీటికి వదలాలి అన్న సర్దుబాటు పురావస్తు శాఖ చేయవలసివచ్చింది, అదీ ఒక మూట కట్టడమే.) యాత్రికుని హోటలు రసీదులో కాలువ త్రవ్వినవారి పేరు ఉండదు. ఉండడం సాధ్యం కాదు కూడా. కాని అట్టి పేరొకటి ఉన్నదన్న స్పృహ రసీదుకన్నా ఎక్కువ చోటు ఆక్రమించదు.

కొంటా నుండి దిగువకు పోతే శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరికే ఎగువన భద్రాచలం, పర్ణశాల ఉన్నాయి. వనవాసంలో రాముడు నివసించిన చోటు పర్ణశాలేనని స్థానికుల విశ్వాసం. అందువల్ల రాముడు వనవాసానికి ఏమి సర్దుకొన్నాడన్న ప్రశ్న ఈ దారిలో అసందర్భం కాదు. వాల్మీకి అయోధ్యాకాండలో దశరథుడు సైన్యాన్ని, ధనాన్ని కుమారుని వెంట పంపబోతాడు. రాముడు వాటిని నిరాకరించి నారచీరలు అడుగుతాడు. వాటితోపాటు పద్నాలుగేళ్ళ నివాసానికి మరి రెండే వస్తువులు కోరతాడు, త్రవ్వడానికి గునపం, మోయడానికి గంప. ఈ కోరికను త్యాగంగా మాత్రమే చదివితే దాని సారం జారిపోతుంది. అడవిలో దుంపలు త్రవ్వక తప్పదనీ, తెచ్చుకొన్నది తానే మోసుకోవాలనీ గ్రహించినవాని కోరిక అది. తినేవాటి స్థానంలో తిండి సంపాదించే పనిముట్లు మూటలో చేరాయి. తన తేలికదనం ఇంకొకరి వీపుపై పడకుండా చూసుకొన్న సర్దుబాటు ఇది. శబరి లోయ ఇళ్ళలో నేటికీ గోడకు ఆనించి కనిపించేవి ఆ రెండే, గడ్డపార, వెదురు బుట్ట.

అదే ఘట్టంలో ఇంకొకటి జరిగింది. సీత కోసం అన్నేళ్ళకు సరిపడే వస్త్రాలను, ఆభరణాలను లెక్కించి తెమ్మని దశరథుడు కోశాధికారిని ఆజ్ఞాపించాడు, అవి రథమెక్కాయి. తేలికగా ప్రయాణించాలనే నేటి సలహాదారుడు మొదట తీసివేయించేవి ఆ నగలనే. కాని రావణుడు అపహరించుకొనిపోతున్నప్పుడు సీత ఆ నగలనే ఉత్తరీయంలో మూటగట్టి కొండపై కూర్చున్న వానరుల మధ్య జారవిడిచింది. ఆమె పోయిన దారికి రాముని చేతికందిన ఆనవాలు అదే. పనికిరానిదని తోచిన బరువు ఏనాడు ఆనవాలవుతుందో బయలుదేరేవేళ ఎవరూ చెప్పలేరు. పేదవాని మూటలో పనికిమాలిన వస్తువులెందుకని నవ్వేవారు ఈ ఘట్టాన్ని మరొకసారి చదవడం మంచిది. కూలికి పోతున్న స్త్రీ పాత వెండి కడియాన్ని బియ్యంలో దాచి తీసుకుపోతే, అది ఆడంబరం కాదు. ఆపదవేళ ఆమెకున్న బ్యాంకు అదొక్కటే.

ఇష్టపడి కట్టిన మూట, జీవిక కోసం కట్టిన మూట కాక, మూడో రకం ఒకటి ఈ ప్రాంతానికి బాగా తెలుసు. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత, దానికీ మావోయిస్టులకూ నడుమ చిక్కిన కొంటా పరిసర గ్రామాలు అనేకం ఖాళీ అయ్యాయి. కొందరు కొంటా, ఎర్రబోరు, దోర్నపాల్ శిబిరాలకు చేరారు. కొందరు సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవులకు పోయారు. 2011 జులైలో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటు రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పేనాటికి చాలామందికి వెనుదిరిగే ఊరు మిగలలేదు. రాత్రికి రాత్రి కట్టిన మూట అన్నిటికన్నా తేలిక. తత్త్వవేత్తలు మెచ్చే లక్షణాలన్నీ పైకి దానిలో ఉన్నాయి: కొద్ది వస్తువులు, నిలవ లేదు, రేపటి ఆలోచన లేదు. వదులుకొన్నవానికీ వదిలించబడినవానికీ చేతిలో మిగిలేది ఒకటే కావచ్చు. కాని భిక్షువుకు వెనుక సంఘమున్నది, విహారయాత్రికునికి తిరుగు టికెట్టు ఉన్నది. తిరిగి వెళ్ళగల వసతి సంచిలో కనబడదు, ఏ త్రాసులోనూ తూగదు. అయినా సంచి తేలికగా ఉండనిచ్చేది అదే. దానిని పోగొట్టుకొన్నవాడు గుడ్డముక్కను సైతం పారవేయలేడు.

పరిపాలనకు సంబంధించిన మాట ఇక్కడొకటి చెప్పక తప్పదు. సరిహద్దు దాటేటప్పుడు మూటలో పట్టనివి కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది హోదా. రాజ్యాంగం 342వ అధికరణం కింద షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రం వారీగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి బాల్యంలోనే తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి చేరిన ఒక విద్యార్థి తన రాష్ట్రంలో ఉన్న తెగ హోదాతో అక్కడి వైద్యకళాశాలలో సీటు కోరిన వ్యాజ్యంలో, 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ హోదా రాష్ట్రం దాటి వెంట రాదని తేల్చింది. ఒక సమూహం వెనుకబాటును ఆ రాష్ట్ర పరిస్థితులను బట్టే నిర్ణయిస్తారన్న తర్కం తప్పని అనలేము. కాని బొంబాయి చేరిన ఉద్యోగి కుమారునికి వర్తించిన తర్కమే, శబరి దాటి అదే అడవిలో, అదే భాష మాట్లాడే బంధువుల పొరుగున గుడిసె వేసుకొన్న కుటుంబానికీ వర్తిస్తున్నది. కొంటా తహసీలులో ఇచ్చిన ధ్రువపత్రం మూటలో భద్రంగానే ఉంటుంది. దాని బలం మాత్రం సరిహద్దు దగ్గరే దిగిపోతుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణా ఉన్నది. ఆహార భద్రతా చట్టం కింది రేషను కార్డుపై దేశంలో ఎక్కడైనా బియ్యం తీసుకొనే ఏర్పాటు 2022 జూన్ నాటికి అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. ఆచరణలో వేలిముద్ర పడకపోవడం, చేనుకూ దుకాణానికీ దూరం వంటి ఇబ్బందులు ఉండవచ్చు. అయినప్పటికీ సూత్రరీత్యా ఇది మిరపకూలి మూటలో నుండి బియ్యం బరువును తీసి ప్రభుత్వం తన భుజానికెత్తుకోవడమే. హోటలు యాత్రికునికి చేసేదీ ఇదే. చేరుకొనేలోపే కొంత సామాను అక్కడ సిద్ధంగా ఉంచడం. బియ్యం విషయంలో సాధ్యమైనది, తల్లిదండ్రుల మూట వెంట బడి వదిలి నడిచే పిల్లవాని చదువు విషయంలో ఎంతవరకు సాధ్యమైందన్నది ప్రతి ఏటా జనవరి నుండి ఏప్రిల్ దాకా హాజరుపట్టీలు చూసేవారికి తెలియాలి.

తిరుగు ప్రయాణంలో రెండు సంచులూ బరువెక్కుతాయి. జైసల్మేరు నుండి వచ్చేవాడు అద్దాలు కుట్టిన దుప్పటి ఒకటి కొని, చేతిసంచిలో పట్టక, తన నియమాన్ని తానే సడలించుకొని రుసుము కడతాడు. మిరపచేల నుండి వచ్చేవారికి కూలిలో కొంత ఎండుమిరపగా ముడుతుంది. అల్యూమినియం గిన్నె, పట్టా, దుప్పటి మీద ఆ బస్తా చేరుతుంది. ఇప్పపూలు రాలడం మొదలయ్యే వేళ అది. ఆలస్యమైతే తమ చెట్టు కింది పూలు పశువుల పాలవుతాయి గనుక, చింతూరు దాటాక బస్సు దొరకనివారు బస్తా తలకెత్తుకొని కొంటా వైపు నడుస్తారు.